ఒక గ్రైండరు, నాలుగు లెక్కలు

ఈసారి ఉత్తరం గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణంలో ఉండే ఒక ఇల్లాలి నుంచి వచ్చింది. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. ఏడు పేజీల ఉత్తరం, దాంతోపాటు రెండు కరెంటు బిల్లుల ఫొటోలు, వంటింటి గోడకు అంటించిన ఒక కాగితం ఫొటో. ముందుగా ఆవిడ చెప్పింది నా మాటల్లో.

ఉమ్మడి ఇల్లు. కింద అత్తగారు, మామగారు, బావగారి కుటుంబం. మేడ మీద రెండు గదుల్లో ఈవిడ, భర్త, పదో తరగతి చదివే అమ్మాయి. వంటలు వేరు, మీటరు మాత్రం ఒక్కటే, మామగారి పేరు మీద. నెలకు 2,200 దాకా బిల్లు వచ్చేది, అన్నదమ్ములు చెరి సగం కట్టుకునేవారు, పదేళ్లుగా ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. కార్తీక మాసం వెళ్లాక ఈవిడ ఇడ్లీ పిండి, దోసె పిండి అమ్మడం మొదలుపెట్టారు. అయిదు లీటర్ల టిల్టింగ్ గ్రైండరు, అర హార్స్ పవర్ మోటారు, రోజుకు రెండు వాయిలు, అన్నీ కలిపి రెండు గంటలు. వారం తిరక్కుండా వీధిలో సగం ఇళ్లు ఖాతాలు పెట్టాయట. ఖర్చులు పోను నెలకు ఏడెనిమిది వేలు మిగులుతోంది. అదే నెల బిల్లు 328 యూనిట్ల నుంచి 410కి ఎగబాకింది, డబ్బు 3,000 అయింది. తోడికోడలు నవ్వుతూనే, "కరెంటంతా పిండైపోతోంది" అన్నారట.

బావగారిది సెల్‌ఫోన్ రిపేరు షాపు. షాపు నుంచి, వోల్టేజి, నిరోధం లాంటివి కొలిచే మల్టీమీటరు తెచ్చి, గ్రైండరు ప్లగ్గు పీకి, పిన్నుల మధ్య నిరోధం ఎంతో పెట్టి చూశారు. 12 ఓమ్‌లు. అక్కడే కాగితం తీసి లెక్క వేశారు. 230ని 12తో భాగిస్తే 19 ఆంప్స్. 230 ఇంటూ 230 బై 12, అంటే 4,408 వాట్లు. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 264 యూనిట్లు, పై శ్లాబు రేటు 9.75 లెక్కన 2,574 రూపాయలు. "చిల్లర వదిలేయమ్మా, 2,500 ఇవ్వు, మిగతా బిల్లు ఎప్పట్లాగే చెరి సగం" అన్నారు. ఆ కాగితం గోడకెక్కింది. మూడు నెలలుగా ఈవిడ కడుతున్నారు.

ఈలోగా ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దగ్గర, తీగ చుట్టూ తగిలించి అందులో వెళ్లే కరెంటును కొలిచే క్లాంప్ మీటరు చూసి, అమ్మాయి గ్రైండరు తిరుగుతుండగా కరెంటు కొలిపించింది. 3.6 ఆంప్స్. 230ని 3.6తో భాగించి 64 ఓమ్‌లు, గుణించి 828 వాట్లు తేల్చింది. "పెదనాన్న లెక్క తప్పు" అంది. భోజనాల దగ్గర, అందరి ముందూ అంది. పెదనాన్న "మీటరు 12 చూపిస్తుంటే నీకు 64 ఎక్కడిదమ్మా" అని నవ్వితే, తండ్రి మాత్రం "పెద్దవాళ్లకు లెక్కలు నేర్పుతావా" అని కసిరాడు. పిల్ల రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు.

ఆవిడ చివరి పేజీలో రాసింది ఇది: "మా ఆయన 'అన్నయ్య అడిగింది ఇచ్చెయ్, గొడవెందుకు' అంటారు. డబ్బుకంటే ఆ మాటే ఎక్కువ బాధగా ఉంది. అసలు ఎవరి లెక్క నిజం? తప్పని తేలితే మాత్రం బావగారి ముందు ఎలా చెప్పను? లేకపోతే ఈ పిండి వ్యాపారమే మానేయమంటారా మాస్టారూ?"

మధ్యలో రెండు మాటలు దాటేసి వెళ్లిపోయారు. పిండి దాచడానికి అదే నెలలో ఆరు వేలు పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ కొన్నారట. కింద మామగారి స్నానానికి తెల్లవారుజామున నాలుగింటికి వేసిన గీజరు స్విచ్చి తొమ్మిది దాకా తీయరట. ఆ రెండింటి దగ్గరికీ వస్తాను.

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు మీరు పంపిన ఫొటోల్లోనే ఉంది. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూడండి. 328 నుంచి 410. పెరిగింది 82 యూనిట్లు. గ్రైండరు ఒక్కటే 264 తింటోందంటే బిల్లు 592 యూనిట్లు రావాలి కదా! ఇంట్లో ఆరుగురు పెద్దవాళ్లున్నారు, మూడు నెలలుగా ఆ కాగితం గోడ మీదే ఉంది, ఈ తీసివేత ఒక్కటీ ఎవరూ చేయలేదు. సూత్రం రాసి ఉన్న కాగితానికి ఆ మర్యాద ఉంటుంది, అది చూడగానే మనవాళ్లు చేతులు కట్టుకుంటారు.

రెండోది, ఫొటోలో మీ గ్రైండరు మామూలు చిన్న సాకెట్లో పెట్టి ఉంది. అది 6 ఆంప్స్ సాకెట్. అందులోంచి 19 ఆంప్స్ రోజూ గంటల తరబడి లాగితే మీరు నాకు బిల్లు గురించి రాసేవారు కాదు, కాలిపోయిన స్విచ్ బోర్డు గురించి రాసేవారు.

అయితే మీ బావగారు మోసం చేశారని మాత్రం నేననుకోవడం లేదు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పి రిటైరయ్యాను, ప్రతి బ్యాచ్‌లోనూ కనీసం ఒకడైనా మోటారుకు మల్టీమీటరు పెట్టి ఇదే లెక్క వేసుకొచ్చేవాడు. ఆయన రోజంతా పని చేసేది సెల్‌ఫోన్ బోర్డుల మీద. అక్కడుండేది బ్యాటరీ కరెంటు, డీసీ. ఒక రెసిస్టర్ ఇన్ని ఓమ్‌లు, ఇంత వోల్టేజి, కాబట్టి ఇంత కరెంటు, అని ఆయన వేసే లెక్క అక్కడ రోజూ నిజమవుతుంది. ఇంట్లో ఇస్త్రీ పెట్టెకు పెట్టి చూసినా నిజమే అవుతుంది. 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి కొలిస్తే దాదాపు 53 ఓమ్‌లు చూపిస్తుంది, 230 ఇంటూ 230 బై 53 చేస్తే మళ్లీ వెయ్యి వాట్లే వస్తుంది. గీజరుకీ అంతే, 2,000 వాట్లదైతే 26 ఓమ్‌ల పైచిలుకు. వాటి లోపలున్న నైక్రోమ్ తీగ చల్లగా ఉన్నా ఎర్రగా కాలినా దాని నిరోధం పెద్దగా మారదు. ఇలా పదిచోట్ల కుదిరిన లెక్క పదకొండో చోట కుదరదని ఎవరికైనా ఎందుకు అనిపిస్తుంది?

ఆ పదకొండోది మోటారు. ప్లగ్గు పీకి ఉన్నప్పుడు అది మోటారే కాదు, ఒక రాగి తీగ చుట్ట, అంతే. ఆ తీగ నిరోధం 12 ఓమ్‌లు. కరెంటు ఇచ్చి అది తిరగడం మొదలుపెట్టగానే సంగతి వేరు. మన ఇంటికొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారే ఏసీ, ఆ మార్పుకు తీగ చుట్ట తనంతట తానే అడ్డుపడుతుంది. దానికి తోడు లోపల తిరిగే భాగం, రోటరు అంటారు, అది వేగం అందుకున్నకొద్దీ, వచ్చే వోల్టేజికి ఎదురుగా ఇంకో వోల్టేజి పుట్టి కరెంటును వెనక్కి నెడుతుంది. అందుకే 19 వెళ్లాల్సిన చోట 3.6 మాత్రమే వెళుతోంది. మీరు గ్రైండరు స్విచ్చి వేయగానే హాల్లో లైటు ఒక్క క్షణం మసకబారి మళ్లీ మామూలవుతుందే, మీ బావగారి లెక్క కాస్తోకూస్తో నిజానికి దగ్గరగా ఉండేది ఆ ఒక్క క్షణమే. లేదా రాయి ఇరుక్కుపోయి మోటారు తిరగకుండా మూలుగుతున్నప్పుడు. ఎప్పుడైనా అలా మూలిగితే చూస్తూ నిలబడకండి, వెంటనే ఆపేయండి, వైండింగ్, అంటే ఆ తీగ చుట్ట, కాలడానికి ఎక్కువసేపు పట్టదు.

ఆయన కొలిచిన 12 ఓమ్‌లు అబద్ధం కాదన్నది కూడా చెప్పాలి. దాన్ని వాడాల్సిన చోటు వేరు. తీగలో వెళ్లే కరెంటును దానితోనే గుణించి, మళ్లీ 12తో గుణించండి. 3.6 ఇంటూ 3.6 ఇంటూ 12, సుమారు 155 వాట్లు. తీగ వేడెక్కడానికి వృథాగా పోయేది అది. రెండో వాయి అయ్యేసరికి మోటారు డొప్ప మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది కదా, అందులో పెద్ద వాటా ఈ 155 వాట్లదే.

ఇక మీ అమ్మాయి లెక్క. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే పవర్, అని పదో తరగతిలో చదివింది, చదివినట్టే చేసింది. పైగా పెదనాన్నకంటే మంచి పని ఒకటి చేసింది. ఆగి ఉన్న గ్రైండరును కాకుండా తిరుగుతున్న గ్రైండరును కొలిపించింది. ఆ తెలివికి నేనైతే క్లాసులో లేచి నిలబెట్టి చప్పట్లు కొట్టించేవాణ్ణి. కానీ ఆమె 828 కూడా పూర్తిగా సరికాదు, అది కూడా ఆమెకు చెప్పాలి, లేకపోతే అన్యాయం. మోటార్లలో కరెంటు, వోల్టేజితో అడుగు కలిపి నడవదు, కాస్త వెనకబడుతుంది. తీసుకున్న కరెంటులో కొంత భాగం పనేమీ చేయకుండా వెళ్లి తిరిగొస్తుంటుంది. అందుకే గుణించగా వచ్చిన దాన్ని ఇంకో అంకెతో గుణించాలి, పవర్ ఫ్యాక్టర్ అంటారు, ఇలాంటి చిన్న మోటార్లకు అది 0.6, 0.7 ప్రాంతంలో ఉంటుంది. అలా చూస్తే 828 కాస్తా ఐదు వందల పైచిలుకుకు దిగుతుంది. ఇళ్ల మీటరు లెక్కపెట్టేది ఈ దిగినదాన్నే. ఆమె చెప్పిన 64 ఓమ్‌లు కూడా రాగి తీగ నిరోధం కాదు, తిరుగుతున్న మోటారు మొత్తంగా చూపిస్తున్న అడ్డు, దాన్ని ఇంపెడెన్స్ అంటారు. ఇంటర్‌లో చదువుకుంటుంది. అంటే పెదనాన్న 12, అమ్మాయి 64, రెండూ నిజమే, అవి రెండు వేరువేరు సంగతులు. ఇద్దరూ ఒకే పేరు పెట్టుకుని పోట్లాడుతున్నారు.

మూడో అంకె గ్రైండరు మీదే ఉంది. అర హార్స్ పవర్. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు కాబట్టి అర అంటే 373. అది మోటారు ఇరుసు దగ్గర ఇవ్వగలిగింది. తీసుకునేది అంతకంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి దాన్ని చూపించి "చూశారా 373యే" అని వాదనకు దిగకండి, మీరూ ఆ కాగితం లాంటిదే ఇంకోటి గోడకు అంటించినట్టవుతుంది.

4,408, 828, 373. ఈ మూడూ పక్కన పెట్టి, బిల్లు వేసేవాడు ఏ అంకె చూస్తాడో అది చూడండి. మీ మెట్ల కింద మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. పక్కనే సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో 3200 అనో 1600 అనో, తర్వాత ఇంపల్స్ పర్ కిలోవాట్ అవర్ అనో రాసి ఉంటుంది. 3200 ఉంటే, ఆ లైటు 3,200 సార్లు కొట్టుకుంటే ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి గ్రైండరు ఒక్కటే తిప్పండి. అన్నీ అంటే అన్నీ, రెండు ఫ్రిజ్‌ల ప్లగ్గులు, ఇన్వర్టరు, నీళ్ల మోటారు, టీవీ డబ్బా, చార్జర్లు. నిమిషానికి లైటు ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి, దాన్ని 60తో గుణించి 3,200తో భాగించండి. గంటకు ఎన్ని యూనిట్లో వస్తుంది. నా అంచనా 28కి అటూ ఇటూ. 28 ఇంటూ 60 అంటే 1,680, దాన్ని 3,200తో భాగిస్తే 0.525, అంటే 525 వాట్లు. అదే బావగారి 4,408 వాట్లయితే నిమిషానికి 235 సార్లు కొట్టుకోవాలి, సెకనుకు దాదాపు నాలుగు. చూసి లెక్కపెట్టడం కూడా కష్టం. ఈ పరీక్షలో పవర్ ఫ్యాక్టరూ ఇంపెడెన్సూ ఎవరికీ తెలియక్కర్లేదు. అత్తగారు కూడా లెక్కపెట్టగలరు.

525 వాట్లనే అనుకుందాం. రోజుకు రెండు గంటలు, నెలకు 31 యూనిట్ల పైచిలుకు. 32 అనుకోండి. డబ్బుల్లో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన శ్లాబుల ప్రకారం 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75 కాబట్టి, 280 రూపాయలు.

ఇక్కడ ఆగి సంతోషించకండి. పెరిగింది 82, గ్రైండరుది 32. మిగతా 50 ఎక్కడివి?

సగానికి పైగా మీ ఫ్రిజ్‌దే అయ్యుండొచ్చు. సెకండ్ హ్యాండ్‌ది, పైగా రోజూ సాయంత్రం వెచ్చటి పిండి గిన్నెలు లోపల పెట్టి, వచ్చిన ప్రతి కస్టమరుకూ తలుపు తీస్తున్నారు. పాత ఫ్రిజ్ రోజుకు యూనిటున్నర లాగినా నెలకు 45. గ్రైండరు చప్పుడు చేస్తుంది కాబట్టి అందరి కళ్లూ దాని మీద పడ్డాయి, ఫ్రిజ్ మూలన నిశ్శబ్దంగా తింటుంది. రబ్బరు బిగువుగా ఉందో లేదో తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా జారొస్తే రబ్బరు పోయినట్టే. ఫ్రిజ్‌కు ఎర్ర లైటు లెక్క పనికిరాదు, కంప్రెసరు ఆగుతూ నడుస్తూ ఉంటుంది కదా. దానికి ప్లగ్గుకు తగిలించే చిన్న ఎనర్జీ మీటరు ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది, రెండు రోజులు వదిలేస్తే నిజం చెబుతుంది.

మిగిలిన దాంట్లో కొంత చలికాలం గీజరుది కావచ్చు. నాకు ఇబ్బందిగా అనిపించేది ఇక్కడే. మీరు ఉత్తరంలో గీజరు సంగతి ఊరికే రాయలేదని నాకు తెలుసు. "వాళ్లు చేసేది ఎవరికీ కనపడదు" అన్న బాధ ఆ వాక్యంలో ఉంది. కానీ స్విచ్చి అయిదు గంటలు వేసి ఉంచినంత మాత్రాన అది అయిదు గంటలూ కాల్చదు. నీళ్లు వేడెక్కగానే థర్మోస్టాట్ ఆపేస్తుంది, చల్లారినప్పుడు మళ్లీ వేస్తుంది. పదిహేను లీటర్లు 25 డిగ్రీల నుంచి 55కి కాగడానికి అర యూనిట్ పైచిలుకు, అంతే. అయిదు గంటలు, 2,000 వాట్లు, పది యూనిట్లు అని మీరు అత్తగారి ముందు లెక్క చెప్పారనుకోండి, అప్పుడు మీరు చేసేది కూడా బావగారు చేసిందే. పెద్దాయన తెల్లవారుజామున చేసే స్నానాన్ని ఈ గొడవలోకి లాగకండి. లాగితే లెక్కలో గెలిచినా ఆ ఇంట్లో మళ్లీ మీ మాట ఎవరూ వినరు.

శ్లాబు గురించి కూడా ఒక మాట. "నీ వల్ల 400 దాటింది, రేటంతా మారిపోయింది" అని తోడికోడలు అన్నారని రాశారు. ఆంధ్రలో ఇప్పుడు అలా లేదు. 400 దాటిన ఆ 10 యూనిట్లకే 9.75 పడుతుంది, కింద ఉన్నవి వాటి వాటి రేటుకే ఉంటాయి. 97 రూపాయల యాభై పైసలు, అంతే ఆ పది యూనిట్ల మొత్తం. తెలంగాణలో పద్ధతి వేరు, అక్కడ 200 దాటితే మొదటి యూనిట్ల రేటు కూడా మారిపోతుంది, హైదరాబాద్ చుట్టాలెవరో చెప్పింది విని ఆవిడ అలా అనుకుని ఉంటారు. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ బిల్లు మీద ఏముందో దాన్నే నమ్మండి.

ఇప్పుడు ఎవరెంత కడుతున్నారో చూడండి. 3,000 బిల్లులో మీరు 2,500, మిగిలిన 500లో సగం 250, మొత్తం 2,750. బావగారు 250. పిండికి ముందు ఆయన 1,100 కట్టేవారు! కింద ఫ్యాన్లూ టీవీ గీజరూ ఏమీ ఆగిపోలేదు కదా. ఆయన దీన్ని గమనించలేదంటే నమ్ముతాను, ఆయన చూపంతా ఆ కాగితం మీదే ఉంది. గమనించి ఊరుకున్నారంటే కూడా నమ్ముతాను, మనుషులం. పెరిగిన 800 మొత్తం మీ నెత్తినే వేసుకున్నా మీరు కట్టాల్సింది 1,100 ప్లస్ 800, 1,900. అంతకు మించదు. నెలకు 850 ఎక్కువ కడుతున్నారు, ఏడాదికి పది వేల పైమాటే.

ఏం చేయాలన్నది మీరు తేల్చుకోవాల్సిందే, నేను ఒక్కో దారిలో ఏం ఎదురవుతుందో చెబుతాను.

ఇప్పుడున్నట్టే 2,750 కట్టుకుంటూ పోవచ్చు. మీ ఆయన చెప్పే దారి అదే. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఉన్నట్టు కనపడుతుంది. కానీ మీ లాభంలో పదో వంతు పైగా అటు పోతోంది, పిండి గిరాకీ పెరిగి రెండు వాయిలు నాలుగైతే ఆ కాగితం లెక్క ప్రకారం 5,000 అడుగుతారు, అప్పుడు కాదనడానికి మీ దగ్గర ఏముంటుంది? ఒప్పుకుని కట్టిన నెలలు ఎన్ని పెరిగితే ఆ లెక్క అంత గట్టిపడుతుంది.

గ్రైండరుకూ మీ ఫ్రిజ్‌కూ కలిపి, వాటి యూనిట్లను విడిగా చూపించే సబ్ మీటరు పెట్టించుకోవచ్చు. సింగిల్ ఫేజ్‌ది పెద్ద ఖరీదు కాదు, ఎలక్ట్రీషియన్ కూలితో కలిపి ఒక నెల గొడవ ఖర్చులో అయిపోతుంది. యూనిట్ల మీద తగువుండదు. కానీ యూనిట్‌కు ఎంత అన్న తగువు మిగులుతుంది, అది పెట్టకముందే మాట్లాడుకోవాలి. మీ పిండి మొదలయ్యాకే యూనిట్లు పెరిగాయి కాబట్టి పై రేటు 8.75 మీదే అని ఆయన అనొచ్చు, అందరం కలిసి వాడుతున్నాం కాబట్టి సగటు రేటు అని మీరు అనొచ్చు, 410 యూనిట్లకు సగటు ఆరున్నర దాకా వస్తుంది. రెండింటికీ న్యాయం ఉంది. నేనైతే పై రేటుకే ఒప్పుకుంటాను, నెలకు 170, 180 తేడాతో ఒక మాట పోతుందంటే పోనిద్దాం. ఇంకొకటి, ఇంట్లో సబ్ మీటరంటే కొందరు అత్తగార్లకు వేరుకాపురం పెట్టినట్టే ఉంటుంది. మీ అత్తగారు ఎలాంటివారో మీకే తెలియాలి.

మీటర్ల జోలికి పోకుండా నెలకు 700 అని ఒక రౌండు ఫిగరు ఇచ్చి, మిగతాది చెరి సగం చేసుకోవచ్చు. చాలా ఇళ్లలో ఇదే నిలబడుతుంది. గిరాకీ పెరిగితే ఆర్నెల్లకోసారి మళ్లీ కూర్చోవాల్సి ఉంటుంది, అంతే.

నాలుగో దారి మీరు అడగలేదు కానీ చెప్పకపోతే తప్పవుతుంది. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం చేయడం నిజానికి చిక్కే. 2003 విద్యుత్ చట్టంలో సెక్షన్ 126 అని ఉంది, ఏ అవసరానికని కనెక్షన్ తీసుకున్నారో దానికి కాకుండా వేరేదానికి వాడితే, వాడినదానికి రెట్టింపు రేటు లెక్క కట్టి వసూలు చేయొచ్చు. నోటీసు వస్తే మీటరు ఎవరి పేరు మీద ఉందో వారికే వస్తుంది, అంటే మీ మామగారికి. రోజుకు రెండు వాయిలకు ఎవరూ పరిగెత్తుకు రారనుకోవచ్చు, వీధిలో పడనివాళ్లు ఒక్కరుంటే చాలు. మీ కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి ఇంట్లో పిండి రుబ్బి అమ్ముతున్నాం, ఏ కేటగిరీ కింద వస్తుంది, కొత్త కనెక్షనుకు ఎంతవుతుందని అడిగి రండి. విడి కనెక్షన్ వస్తే రేటు, నెలవారీ చార్జీలు కాస్త ఎక్కువ పడతాయి, డిపాజిట్ కట్టాలి. బదులుగా బావగారితో ఈ లెక్కే ఉండదు, రేపు పెద్ద గ్రైండరు కొన్నా ఎవరినీ అడగక్కర్లేదు. వ్యాపారం పెంచే ఉద్దేశం ఉంటే నా ఓటు దీనికే. లేకపోతే ఇంత చిన్న దానికి ఇది బరువు.

పిండి మానేయాలా అని అడిగారు. ఫ్రిజ్‌తో కలిపి 700 రూపాయల కరెంటుకు ఏడు వేల సంపాదన ఎవరైనా మానేస్తారా అమ్మా?

ఇప్పటిదాకా ఎక్కువ కట్టింది వెనక్కి అడగాలా అంటే, మూడు నెలలకు 2,500 పైచిలుకు. అడిగే హక్కు మీకుంది. అడిగితే మాత్రం ఆయన మొత్తం లెక్కనే ఒప్పుకోకుండా మొండికేసే ప్రమాదముంది, తప్పు ఒప్పుకోవడానికి డబ్బు ఖర్చయితే ఎవరికైనా కష్టమే. నేనైతే వదిలేస్తాను.

ఎలా చెప్పాలన్నది అసలు చిక్కు. మీరు చెప్పొద్దు, అమ్మాయి చేత చెప్పించొద్దు. మీ ఆయన చెప్పాలి, అది కూడా తప్పు పట్టినట్టు కాదు. "అన్నయ్యా, 264 అంటే బిల్లు 590 రావాలి కదా, 410యే వచ్చింది, ఎక్కడో తేడా కొడుతోంది, ఆదివారం ఒకసారి చూద్దామా" అంటే చాలు. మల్టీమీటరు పట్టుకునే మనిషికి తేడా కొడుతోందన్న మాట చెవిన పడితే నిద్ర పట్టదు, తప్పు ఆయనే పట్టుకుంటాడు. ఇంకా నమ్మకపోతే, ఇంట్లో పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉంటే హోల్డరు నుంచి తీసి దానికి మల్టీమీటరు పెట్టమనండి. 40 ఓమ్‌ల ప్రాంతంలో చూపిస్తుంది. ఆయన లెక్కన అది 1,300 వాట్ల బల్బు. వెలుగుతున్నప్పుడు ఫిలమెంట్ కాలి నిరోధం 529 ఓమ్‌లకు వెళుతుంది కాబట్టి 100 వాట్లే తీసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొలిచింది వేడి మీద నిలబడదని ఆయన చేత్తో ఆయనే చూసుకుంటే ఆ కాగితం ఆయనే పీకేస్తాడు.

మీ ఆయన ఈ మాత్రం కూడా అనలేనంటే, ఆయనతో మాట్లాడాల్సింది కరెంటు గురించి కాదు. గొడవెందుకని ఆయన అంటున్నారు, కానీ ఆ గొడవ జరగకుండా ఉండడానికి అయ్యే ఖర్చు మీరూ మీ అమ్మాయీ కడుతున్నారు. ఈ ఒక్క ముక్కా ఆయనకు విడిగా, రాత్రి భోజనాలయ్యాక చెప్పండి. 850 రూపాయల లెక్క కాగితం మీద రాసి చూపించండి. పిల్ల రెండు రోజులు తినలేదన్న సంగతి ఆయన మర్చిపోయి ఉంటారు, అది కూడా గుర్తు చేయండి.

అమ్మాయికి నా తరఫున ఒకటి చెప్పండి. ఆమె వాడిన సూత్రం జర్మనీలో జార్జ్ ఓమ్ అనే బడి పంతులు 1827లో పుస్తకంగా అచ్చు వేశాడు. సొంత దేశంలో పెద్దలు పెదవి విరిచారు, లండన్ రాయల్ సొసైటీ పతకం ఇచ్చేసరికి 1841 అయింది. పద్నాలుగేళ్లు. వాళ్ల నాన్నకు అంత ఆలస్యం కాకపోతే చాలు. ఇంకొకటి, విప్పిన వైర్ల దగ్గరికి తను వెళ్లకూడదు, క్లాంప్ మీటరు ఎలక్ట్రీషియనే పెట్టాలి. రెండు తీగలూ కలిసి ఉన్న వైరు మీద పెడితే అది సున్నా చూపిస్తుంది, ఒక్క తీగ మీదే పెట్టాలి. ఎందుకు సున్నా వస్తుందో ఆలోచించమనండి, జవాబు నాకు రాయమనండి.

ఆదివారం లైటు లెక్కపెట్టేటప్పుడు అమ్మాయినీ పెదనాన్ననీ ఇద్దర్నీ మీటరు ముందు నిలబెట్టండి, ఒకరు లైటు, ఒకరు గడియారం. మళ్లీ అనుమానం రాకుండా ఫోన్లో వీడియో తీసుకోండి. గ్రైండరును మాత్రం ఖాళీగా తిప్పకండి, నానబెట్టిన మినప్పప్పు వేసి, రోజూ తిప్పినట్టే తిప్పండి. ఖాళీగా తిప్పితే తక్కువ చూపిస్తుంది, దాని మీద ఇంకో కాగితం గోడకెక్కుతుంది.